ఇంటి కట్ట, బడి కట్ట

రాధాబాయి పంతులమ్మ దగ్గర ఒక గోనెసంచి ఉండేది. నిజామాబాదులో ఆ బీడీల గల్లీ బడికి వచ్చిన నాటి నుంచీ ఆ సంచి ఆమె చంక దిగలేదు. పొద్దున బడికి, సాయంత్రం ఇంటికి. గల్లీ ఆడవాళ్లు మొదట్లో అందులో బియ్యం ఉన్నాయనుకున్నారు, తరువాత బంగారం ఉందనుకున్నారు. ఉన్నవి చింతగింజలు, అట్టముక్కలు, పుల్లలు.

పుల్లల సంగతి ముందే చెప్పాలి. ఈ కథ తెచ్చిపెట్టింది అవే. ఆమె తమ్ముడు తుకారాంకు బోధన్ దిక్కున నాలుగెకరాల చెరకు ఉంది. చెరకు పూతకొచ్చినప్పుడు కొసన తెల్లటి కుచ్చు లేస్తుంది కదా, ఆ కుచ్చు కాడ నున్నగా, తేలిగ్గా ఉంటుంది. చెరకు నరికే కాలంలో తుకారాం అలాంటి కాడలు ఒక మోపు తెచ్చి అక్క గడపలో దించి, ఒక చాయ తాగి, మళ్లీ బస్సెక్కేవాడు. "మంచిగున్నవా అక్కా" అనేవాడు. "ఉన్న" అనేది. ఆ ఏటికి అక్కాతమ్ముళ్ల ముచ్చట అయిపోయినట్టే.

ఆ కాడల్ని ఆమె జానెడు ముక్కలు చేసి, పురుగు పట్టకుండా పసుపునీళ్లలో ఉడకబెట్టి, ఎండబెట్టేది. పది పుల్లలకు ఎర్ర దారం చుట్టి ఒక కట్ట. పది కట్టలు ఒక మోపు. ఒకట్లు, పదులు, నూర్లు అన్నీ పిల్లల చేతికి తగలాలని ఆమె పట్టుదల. అక్షరాలదీ అదే దారి. అట్టముక్క మీద చింతగింజల గంజితో అక్షరం రాసి, తడి ఆరకముందే మంజీర ఇసుక చల్లేది. ఆరిన తరువాత పిల్ల వేలు పెట్టి దిద్దితే 'అ' గరుగ్గా తగిలేది. కళ్లు మూసుకుని కూడా చదవగలిగిన పిల్లలున్నారు ఆమె క్లాసులో.

ఆమె అత్తవారి ఊరు కందకుర్తి. తొమ్మిదో ఏట పెళ్లి, పదమూడో ఏట ఆ పెళ్లి లేకుండా పోయింది. అత్తవారింట్లో ఆమెకు చివరి గది ఇచ్చి, పని మాత్రం మొదటి గది నుంచి ఇచ్చారు. మరిదికి చదువు చెప్పే పంతులు వెనక నిలబడి మరాఠీ, తెలుగు రెండూ నేర్చింది. రాష్ట్రం కలిసిన తరువాత ఊరూరా బళ్లు పెడుతూ పంతులమ్మలు కావాలని వెతికితే, ముప్పై ఏళ్లు దాటిన రాధాబాయి తలమీద కొంగు సవరించుకుని ట్రైనింగుకు పోయింది. అత్తవారు వద్దనలేదు. ఆమె లేకపోతే ఒక గది ఖాళీ అవుతుంది.

ఉద్యోగమైతే వచ్చింది, మనుషులు రాలేదు. బ్రాహ్మల ఆడమనిషి అని గల్లీవాళ్లు మర్యాదగా దూరం జరిగారు. తంబాకు వాసన పడదని ఆమె కూడా వాళ్ల గడపలు తొక్కలేదు. అద్దె గదిలో ఒక పూట వండి రెండు పూటలు తినేది. ఆదివారం ఎవరితోనూ మాట ఉండదు కనుక సోమవారం పొద్దున మొదటి మాట గొంతులో ఇరుక్కునేది. పిల్లల ముందు దగ్గి, గొంతు సవరించుకుని, అప్పుడు "కూసోండ్రి" అనేది. పిల్లలు అది పంతులమ్మ అలవాటనుకున్నారు.

బడికి ఇద్దరే పంతుళ్లు. ఒకటో తరగతి ఈమెది. రెండు నుంచి అయిదు దాకా లక్ష్మీరాజం సారుది, ఆయనే పెద్దసారు. మంచివాడు. చదువంటే గొంతెత్తి ఎక్కాలు అప్పజెప్పడమని ఆయన నమ్మకం. రోజుకు ఒక కట్ట బీడీలు తాగేవాడు. ఈ సంగతి ఎందుకు చెప్పానో ముందుముందు తెలుస్తుంది.

అరవై రెండులో, దసరా సెలవులు అయిపోయిన మరునాడు, లింగవ్వ అనే బీడీలు చేసే మనిషి కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్ల పేరు ముత్తవ్వ. ఏడేళ్లుంటాయి.

"బడి సురువైన్నాడే పంపాలె గద" అంది రాధాబాయి.

"సాట ఎవలు జూత్తరు పంతులమ్మా? బడికి పోతనని ఏడ్సి సంపుతుంటే తోల్కచ్చిన. గీ ఒక్క ఏడు సూస్త. పాసైతె సదువుతది. గాకపోతె నా పక్కన సాటల కూసుంటది" అని లింగవ్వ ఒడిలో బీడీల చాట ఉన్నట్టే చేతులు పెట్టుకుని చెప్పింది.

ముత్తవ్వ తక్కువ మాటల పిల్ల. అక్షరాలు నెల రోజుల్లో పట్టేసింది. ఇసుక అక్షరాల మీద ఆ చిన్న వేలు ఎంత చురుగ్గా తిరిగేదంటే రాధాబాయికి చూడముచ్చటగా ఉండేది. బడి విడిచిన తరువాత పిల్లలంతా ఎగిరిపోతే ముత్తవ్వ మాత్రం ఆగేది. "సర్దాల్నా పంతులమ్మా" అనేది. చింతగింజలు డబ్బాలోకి, అట్టలు వరుసలోకి, పుల్లలు కట్టల్లోకి. ఇద్దరూ నేల మీద కూర్చుని సర్దే ఆ అరగంట కోసం రాధాబాయి పొద్దున నుంచీ ఎదురుచూస్తోందని ఎవరికీ తెలియదు. ఆమె కూడా చాన్నాళ్లు ఒప్పుకోలేదు. ఒకరోజు పిల్లకు జ్వరం వచ్చి రాకపోతే సంచి ఆమె ఒక్కతే సర్దుకుని, ఇంటికి పోయి, అన్నం వండకుండా కూర్చుండిపోయింది. ఇంత ప్రేమ పెంచుకుంటే ఎట్లా అని తనను తానే తిట్టుకుంది.

ఒక్క లెక్కల దగ్గరే చిక్కు వచ్చింది. పుల్లలు కుప్ప పోసి "కట్టలు కట్టండ్రి" అంటే మిగతా పిల్లలు ఒకటి, రెండు అనుకుంటూ పదికి ఆపి దారం చుట్టేవాళ్లు. ముత్తవ్వ లెక్కపెట్టేది కాదు. ఎడమ పిడికిట్లోకి పుల్లలు తోస్తూ పోయి, పిడికిలి నిండగానే దారం రెండు చుట్లు తిప్పి, పంటితో కొరికి, ముడి లోపలికి దోపేది. చూస్తే లావుపాటి కట్ట. రాధాబాయి దాన్ని విప్పి, పది తీసి మళ్లీ కట్టి, పిల్ల చేతిలో పెట్టేది.

"గిది పిడికిట్ల నిండుతలేదు పంతులమ్మా" అంది ముత్తవ్వ ఒకసారి.

"నిండకపోతే ఏమాయె. కట్టంటే గింతే" అని నవ్వింది రాధాబాయి.

ఎందుకు నిండాలి అని అడిగి ఉంటే కథ అక్కడే ముగిసేది. అడగలేదు. పిల్లకు ఎక్కడ ఆపాలో తెలియడం లేదనుకుంది. పదికి ఆపడం రాని పిల్ల పాస్ ఎట్లా అవుతుందని లోపల భయం మొదలైంది. పాస్ కాకపోతే పిల్ల చాటలో కూర్చుంటుంది, ఆ సాయంత్రపు అరగంట కూడా చాటలోకే పోతుంది.

ఎండాకాలం సెలవుల ముందు పరీక్ష. పెద్దసారే నోటితో అడుగుతాడు, రిజిస్టర్లో రాస్తాడు. "పరీక్షనాడు మీ సంచి వద్దు రాధాబాయమ్మా. పిల్లలు తలకాయల లెక్క చెయ్యాలె, చేతుల కాదు" అన్నాడు. ప్రశ్నలు మాత్రం ఆమెనే రాసిమ్మన్నాడు. పిల్లలకు అలవాటైన పుల్లల లెక్కలే రాసిచ్చింది.

ముత్తవ్వ వంతు వచ్చింది. చదవడం గడగడా అయిపోయింది. లెక్కలు మూడు.

"రెండు కట్టలు, మూడు పుల్లలు. మొత్తం ఎన్ని?"

ముత్తవ్వ పెద్దసారును చూడలేదు, ఎడమ చేతిని చూసుకుంది. "యాబై మూడు."

పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దసారు రెండోది అడిగాడు. "నాలుగు కట్టలకు ఎన్ని?"

"నూరు."

"ఒక కట్టల నుంచి అయిదు తీసేస్తే?"

"ఇర్వై."

తడబాటు లేదు, నసుగుడు లేదు. తెలియని పిల్ల ఇంత నిబ్బరంగా ఎట్లా చెబుతోందని రాధాబాయికి ఒక్క క్షణం అనిపించింది. ఆ ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది. పెద్దసారు మూడు సున్నాలు చుట్టి రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు. కింద సంతకం పెట్టింది.

మరునాడు లింగవ్వ వచ్చింది. "ఏమాయె పంతులమ్మా? కాయితం మీద రాసియ్యి. పిల్ల నాయిన అడుగుతడు."

చెప్పడానికి నోరు రాక రాధాబాయి రాసిచ్చింది. లింగవ్వకు చదువు రాదు. కాగితాన్ని కూతురికి ఇచ్చింది. ముత్తవ్వ దాన్ని వెలుతురుకు పెట్టి, వేలితో దిద్దుతూ, పంతులమ్మ నేర్పినట్టే ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివింది.

"ముత్తవ్వకు... లెక్క... రాదు."

ఒక్క తప్పు లేకుండా చదివింది. చదివి, కాగితాన్ని నాలుగు మడతలు చేసి తల్లికిచ్చింది. రాధాబాయి ఆ రోజు సంచిని బడిలోనే వదిలేసి ఇంటికి పోయింది.

సెలవులు రెండు నెలలు. కందకుర్తి పోతే చివరి గదిలో ఇప్పుడు ధాన్యం బస్తాలున్నాయి. తుకారాం రమ్మనలేదు. గదిలో కూర్చుని కొత్త అట్టల మీద గంజి పూసి ఇసుక చల్లింది. 'ము' రాసిన అట్టలు అవసరానికి మించి నాలుగు తయారయ్యాయి. మాట్లాడే మనిషి లేక ఒకనాడు గోడ మీది బల్లిని "ఏమే" అని పలకరించి, ఆ గొంతు విని తనే ఉలిక్కిపడింది.

బడి తెరిచారు. కొత్త పిల్లలొచ్చారు. ముత్తవ్వ రాలేదు. వారం చూసింది. రెండో వారం మధ్యలో, తంబాకు వాసన పడని రాధాబాయి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, 'ము' అట్ట ఒకటి చేతబట్టుకుని లింగవ్వ గడప తొక్కింది. అట్ట ఇవ్వడానికి వచ్చానని చెబుదామనుకుంది. ఆ సాకు ఆమెకే నవ్వొచ్చేట్టుంది.

పెంకుటింటి వసారాలో లింగవ్వ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన తడిగుడ్డలో తునికాకు. ముత్తవ్వ ముందు చుట్టిన బీడీల కుప్ప. పిల్ల పంతులమ్మను చూసి లేవబోయి, చేతిలో పని వదలలేక అట్లాగే కూర్చుంది. ఎడమ పిడికిట్లోకి బీడీలు తోస్తూ పోయింది. పిడికిలి నిండగానే దారం రెండు చుట్లు తిప్పి, పంటితో కొరికి, ముడి లోపలికి దోపింది.

రాధాబాయి ముక్కు మీది కొంగు తీసేసింది.

"ముత్తవ్వా, గా కట్టల ఎన్నున్నయే?"

"ఇర్వై అయిదు."

"లెక్కపెట్టనేలేదు గద."

"లెక్కెందుకు? కట్టంటె ఇర్వై అయిదే" అంది ముత్తవ్వ, పంతులమ్మకు ఇంత చిన్న ముచ్చట తెలియకపోవడం చూసి కొంచెం జాలిగా.

రాధాబాయి ఆ కట్ట అందుకుని విప్పింది. పుట్టి బుద్ధెరిగి తంబాకు ముట్టని చేతులతో ఒక్కొక్క బీడీ నేల మీద పేర్చింది. ఇరవై అయిదు. ఇంకొకటి విప్పింది. ఇరవై అయిదు. రెండు కట్టలకు యాభై. మూడు కలిపితే యాభై మూడు. నాలుగు కట్టలకు నూరు. ఒక కట్టలో అయిదు తీస్తే ఇరవై.

"మరి మిగిలిన పిల్లలు పదే కడ్తరు గద" అంది.

"గది బడి కట్ట. బడి తెరిషిన్నాడు నువ్వు చెప్పినవట, పరీక్షయినంక పిల్లలన్నరు. నేనప్పుడు లేను. మా ఇంట్ల గీ కట్టనే."

గల్లీ పిల్లలందరికీ రెండు కట్టలూ తెలుసు. పరీక్షనాడు వాళ్లు నవ్వింది ముత్తవ్వకు బడి కట్ట తెలియలేదని. వాళ్లను పంతుళ్లెవరూ అడగలేదు కనుక చెప్పలేదు.

"లింగవ్వా, తప్పు నాది. పిల్లకు లెక్క వస్తది. నాకన్న మంచిగ వస్తది. బడికి పంపు."

లింగవ్వ చుడుతున్న బీడీ పూర్తిచేసి చాటలో పెట్టింది. "రాదని నువ్వే రాసిస్తివి. గా కాయితం సూసి దాని నాయిన మల్ల బడి పేరెత్తలే. ఇప్పుడొచ్చి వస్తదంటున్నవు. నోటి మాటకు ఆయన ఇంటడా పంతులమ్మా? అప్పుడు రాదని రాస్తివి, ఇప్పుడు వస్తదని గూడ రాసిచ్చి సూడు."

న్యాయమైన మాట. రాధాబాయి అటునుంచి అటే పెద్దసారు ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు.

"సార్, మీ జేబుల కట్ట తీయండ్రి."

ముప్పై ఏళ్లుగా బీడీ తాగుతున్న లక్ష్మీరాజం సారు, రోజుకో కట్ట కొనే లక్ష్మీరాజం సారు, కట్టలో ఎన్నుంటాయో ఆ రోజే లెక్కపెట్టాడు. జేబులో పంతొమ్మిది, అరుగు కింద పీకలు అయిదు, వేళ్ల మధ్య ఒకటి. బీడీ ఆరిపోయింది.

"పిల్ల మూడిటికి మూడు కరెక్టు చెప్పింది గదమ్మా" అన్నాడు చివరికి.

"చెప్పింది. దిద్దండ్రి."

"దిద్దుడు అల్కనా? నకలు పైకి పోయింది. ఎందుకు దిద్దినవని అడుగుతరు. ఎవరిదో ఒకరి తప్పని రాయాలె. అడిగింది నేను, ప్రశ్న రాసింది మీరు."

"నాదని రాయండ్రి."

"గట్ల రాస్తే మిమ్మల్ని ఈడ ఉంచరు. మనసుల పెట్టుకోండ్రి."

రాధాబాయి పెట్టుకుంది. పిల్ల బడికి వస్తే తను ఉండదు. తను ఉంటే పిల్ల రాదు. ఏ అరగంట కోసం ఇదంతా మొదలైందో, ఆ అరగంట రెండు దారుల్లోనూ పోయినట్టే. ఏడుపొచ్చింది, పెద్దసారు ముందు ఏడవలేదు. "రాయండ్రి" అంది మళ్లీ.

మరునాడు బడిలో ముత్తవ్వ కొత్త కాగితాన్ని వెలుతురుకు పెట్టి తల్లికి చదివి వినిపించింది. "ముత్తవ్వకు లెక్క వచ్చు. అడిగిన ప్రశ్న తప్పు." తరువాత రెండో తరగతి వరుసలోకి, పెద్దసారు వైపుకు పోయి కూర్చుంది. సాయంత్రం మాత్రం ఎప్పటిలాగే వచ్చి "సర్దాల్నా" అంది. ఆ సర్దుబాటు దసరా దాకా సాగింది. ఆ మూడు నెలలు రాధాబాయి బతుకులో మంచి రోజులు. ఆదివారాలు లింగవ్వ వసారాలో ఒక మూల కూర్చునేది. లింగవ్వ వేరే చెంబుతో నీళ్లిచ్చేది. ఈమె ఆ చెంబు వద్దని, వాళ్లు తాగే గ్లాసే అడిగి తాగింది. సోమవారాలు దగ్గు రాలేదు.

దసరా సెలవుల ముందు కాగితం వచ్చింది. ప్రశ్న సరిగ్గా అడగలేని పంతులమ్మను ధర్పల్లికి మార్చారు.

ఆఖరి సాయంత్రం సంచి మొత్తం ముత్తవ్వే సర్దింది. రాధాబాయి గోడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది. ముత్తవ్వ ఇప్పుడు పుల్లలు లెక్కపెడుతోంది, పదికి ఆపుతోంది. సంచి మూతి కట్టి, "ధర్పల్లిల ఎవలు సర్దుతరు పంతులమ్మా" అని అడిగింది.

"నేనే" అంది రాధాబాయి.

ధర్పల్లిలో బడి రెండు గదులది. చుట్టూ పొలాలు. ఒకటో తరగతిలో పదిహేడు మంది పిల్లలు. మొదటిరోజు రాధాబాయి సంచి మూతి విప్పకుండా చేతులు కట్టుకుని నిలబడి, దగ్గి, గొంతు సవరించుకుని, ముందు ఒకటే అడిగింది. "మీ ఇండ్లల్ల కట్టంటే ఎన్ని?"

"మా బాపు పిడికిట్ల పట్టినన్ని" అన్నాడొకడు. వాళ్లది నారు కట్ట. "మా అవ్వ ఎత్తగలిగినంత" అంది ఇంకొక పిల్ల. అది గడ్డి కట్ట. అందరివీ విన్నది. ఒక్కటీ తప్పనలేదు. "మన బడి కట్ట మాత్రం పది" అని చెప్పి, సంచి విప్పి, పుల్లల కట్టలు పిల్లలకు తలా ఒకటి పంచింది. లెక్కపెట్టి చూడమంది.

పది. పది. పది. అన్నీ పదే. అడుగున మిగిలిన కట్టను అందుకున్న పిల్ల వసంతమ్మ, ముందు వరుసలోది, రెండుసార్లు లెక్కపెట్టి చెయ్యి ఎత్తింది.

"పంతులమ్మా, గిది తప్పుంది. ఇర్వై అయిదున్నయి."

రాధాబాయి దగ్గరికి పోయి చూసింది. ఎర్ర దారం కాదు, బీడీ దారం. రెండు చుట్లు, పంటితో కొరికిన కొస, ముడి లోపలికి దోపి ఉంది.

"తప్పు కాదు బిడ్డా" అంది. ఆ కట్టను తీసుకుని ఎడమ పిడికిట్లో పెట్టుకుంది. పిడికిలి నిండింది. సాయంత్రం పిల్లలంతా వెళ్లిపోయిన తరువాత నేల మీద కూర్చుని, చింతగింజలు, అట్టలు, పదుల కట్టలు అన్నీ కుడిచేత్తోనే సర్దుకుంది.